ఏదో నాలుగు ముద్దలు

"ఏదో, నాలుగు ముద్దలు తిన్నానమ్మా."

నిన్న రాత్రి భోజనం గురించి పెద్దాయన ఇచ్చిన వాంగ్మూలం ఇంతే. ఆయన తెనాలి నుంచి కొడుకు దగ్గరికి బెంగళూరు వచ్చి, మారతహళ్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో స్థిరపడిపోయిన మనిషి. ఎదురుగా ట్యాబ్ పట్టుకుని కూర్చున్న సర్వే అమ్మాయిది కర్ణాటకలోని మండ్య. పీజీ హాస్టల్లో మూడేళ్లు తెలుగువాళ్ల మధ్య ఉండి తెలుగు బాగానే పట్టేసింది. కానీ మండ్య వాళ్లకి ముద్దె అంటే ఒక్కటే, రాగి ముద్దె. ట్యాబ్‌లో ఆ వరుస వెతికి, సంఖ్య దగ్గర 4 కొట్టింది. డెబ్బయ్యేళ్లు, బక్కపలచని ఒళ్లు, రాత్రిపూట నాలుగు ముద్దెలు! మనసులో ఒక దణ్ణం పెట్టుకునే ఉంటుంది.

ఆయన నిజంగా తిన్నది చారెడన్నం, ముద్దపప్పు, చివర మజ్జిగ. మన భాషలో "నాలుగు ముద్దలు" అంటే కొలత కాదు, మర్యాద. ఆకలి లేదని చెప్పడానికీ, బాగా తిని కూడా బయటపడకుండా ఉండడానికీ పనికొచ్చే మాట. ట్యాబ్‌కి మర్యాదలు తెలియవు. ఒక్కో ముద్దెకు 100 గ్రాముల పిండి చొప్పున వేసుకుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 పదార్థాలకు ఆహార విలువల పట్టికలు వేసింది. వాటి ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 320 కిలో కేలరీలు, 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉంటాయి. నాలుగు పెట్టి గుణిస్తే 1,280 కిలో కేలరీలు, 1,456 మిల్లీగ్రాముల కాల్షియం, 44 గ్రాముల పీచు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా పెద్దాయన మండ్య రైతైపోయాడు.

ఒక పూట లెక్క తప్పితే కొంపలేం మునుగుతాయి అనిపించవచ్చు. ఈ సర్వే తిండికీ క్యాన్సర్‌కీ లంకె వెతికే రకం, అందుకే మునుగుతాయి. ఇందులో ముందు వేలమందిని తిండి గురించి అడిగి రాసుకుంటారు. తర్వాత పది, పదిహేనేళ్లు వేచి చూసి, ఎవరికి జబ్బు వచ్చిందో రిజిస్ట్రీల్లో వెతుకుతారు. (1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం మొదలైనప్పుడు జనాభా లెక్కన కేసులు నమోదు చేయడానికి ఎంచుకున్న తొలి మూడు ఊళ్లలో ముంబైతో పాటు బెంగళూరు, చెన్నై కూడా ఉన్నాయి.) ఆపైన అందర్నీ పీచు తిన్న వరుసలో నిలబెట్టి ఐదు సమాన గుంపులు చేస్తారు. అడుగు గుంపునీ పై గుంపునీ పోల్చి చూస్తారు. పీచు, పాల పదార్థాలు, కాల్షియం పెద్దపేగు క్యాన్సర్ ముప్పును తగ్గించే అవకాశం గట్టిగా ఉందని ఇప్పటిదాకా పోగుపడ్డ ఆధారాలు చెబుతున్నాయి. అడుగు గుంపులో ఉండాల్సిన మన పెద్దాయన ఇప్పుడు పీచు, కాల్షియం రెండు లెక్కల్లోనూ పై గుంపులో కూర్చున్నాడు. రేపాయనకు ఏ జబ్బూ రాకపోతే ఆ పుణ్యం రాగుల ఖాతాలో పడుతుంది. వస్తే ఆ పాపం కూడా వాటికే.

ఇలాంటి తప్పులు అందరి ఫారాల్లోనూ తలోవైపు పడితే, లంకె ఉన్నా పలచబడిపోతుంది. నిజంగా ముప్పు 2 రెట్లు ఉందనుకోండి. కొలత ఎంత నమ్మదగినదో చెప్పే గుణకం 0.4 అయితే, కాగితం మీద అది 1.3 రెట్లుగా తేలుతుంది. చిక్కటి పాలలో నీళ్లు కలిసినట్టే, పాలు ఉన్నాయి గానీ నమ్మడం కష్టం. తప్పులన్నీ ఒకవైపే పడితే, అంటే బెంగళూరు తెలుగు ఇళ్లన్నిటిలో ముద్దలు ముద్దెలైపోతే, లేని లంకె కూడా పుట్టుకొస్తుంది. అది మరీ ప్రమాదం.

ఈ గొడవ తెలిసే ఇరవై నాలుగు గంటల తిండి జాబితాని ఐదు విడతల్లో అడగమంటారు. మొదటి విడతలో మనిషి గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు చెప్పుకుపోతాడు, మధ్యలో అడ్డు తగలకూడదు. రెండో విడత మరిచిపోయినవాటికి. కాఫీ, టీ, చిరుతిళ్లు, తీపి, పళ్లు, రోడ్డు మీద తిన్నవి అని పేరుపేరునా గుర్తు చేస్తారు. మూడో విడతలో ఏ వేళ, ఎక్కడ అన్నది. నాలుగులో ఎంత, ఎలా వండారు, ఏ నూనె. ఐదులో ఇంకేమైనా మిగిలిందా అని చివరిసారి కదుపుతారు. అడిగేవాళ్ల మొహంలో ఏ భావం కనిపించకూడదని ట్రెయినింగ్‌లో మరీ మరీ చెబుతారు. "అయ్యో, అంత నెయ్యా!" అని ఒక్కసారి నోరు జారితే, తర్వాత ప్రతి జవాబూ సగానికి సగం చిక్కిపోతుంది.

అమ్మాయి మొహం కదలలేదు. ఇంట్లోవాళ్ల మొహాలకు మాత్రం ట్రెయినింగ్ లేదు.

రెండో విడత వచ్చేసరికి పెద్దాయన ఒకసారి వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మెల్లగా రాసుకో తల్లీ. మైసూరు బోండాలు. రెండు."

"ఎన్నీ?" వంటింట్లోంచి ఆవిడ.

"రెండే."

"వాకింగుకి వెళ్లొస్తానన్నారుగా?"

మూడో విడత నిబంధన ప్రకారం అమ్మాయి అడగక తప్పలేదు. "ఎక్కడ తిన్నారు అంకుల్, ఎన్నింటికి?" సాయంత్రం ఐదున్నర, పార్కు గేటు పక్క బండి. ఐదో విడతకల్లా బోండాలు నాలుగయ్యాయి. ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నిజానికి తిన్న మనిషిని విడిగా అడగాలి, వండిన మనిషిని విడిగా అడగాలి. రెండు గదుల ఫ్లాట్‌లో, పైన ఫ్యాను తిరుగుతుంటే, ఆ విడి ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో బోండా అన్న మాట ఏ ఫారంలోనూ కనిపించదు. బోండాలు ఆగాయని కాదు.

వండిన మనిషి వంతు. "కందిపప్పు ఎంత వేశారు ఆంటీ?" "గుప్పెడు." అమ్మాయి ఎలక్ట్రానిక్ తూకం తీసి, ఆ గుప్పెడు దాని మీద పోయమంది. 41 గ్రాములు. మళ్లీ పోయమంటే 48. మూడోసారి, పరువుకు పోయారో ఏమో, 55. సరే, నాలుగు గుప్పెళ్లు వేస్తారు గనక 190 గ్రాముల చిల్లర అనుకుంది. ఉడికాక గిన్నెలో పప్పు 760 మిల్లీలీటర్లు. పెద్దాయన వేసుకున్నది కొలగిన్నెలో 120. 190ని 120తో గుణించి 760తో భాగిస్తే 30 గ్రాముల పచ్చి పప్పు. పట్టికల్లో పప్పు విలువలు పచ్చి పప్పువి గనకే ఈ వెనక్కి నడక. వండిన బరువునే పచ్చి బరువనుకుంటే మాంసకృత్తులు కొన్ని రెట్లు ఎక్కువ కనబడతాయి, ఉడికిన పప్పులో ఎక్కువ భాగం నీళ్లే గనక.

నూనె లెక్క దీనికన్నా జారుడు. "పోపుకి కొంచెం" అన్న మాటను గ్రాముల్లోకి మార్చిన మొనగాడు ఇంకా పుట్టలేదు. అందుకే నెలకి ఎన్ని ప్యాకెట్లు కొంటారని అడుగుతారు. ఈ ఇంట్లో 3 లీటర్లు. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది, కాబట్టి 2,730. రోజుకి 91. ఇంట్లో ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. కూర్చుని పనిచేసే మగవాడికి 1 వంతు, ఆడమనిషికి 0.8 వంతు లెక్కన 3.6 వంతులు. మగవాడి వాటా రోజుకి 25 గ్రాములు. ముచ్చటగా ఉంది. అప్పుడు కోడలు నోరు తెరిచింది. "అత్తయ్యగారూ, ఆవకాయ?" ఆ నువ్వుల నూనె తెనాలి నుంచి జాడీలో వచ్చింది. ఏ నెల సరుకుల చీటీలోనూ లేదు. బోండాల బండి నూనె సంగతి సరేసరి.

ఆవకాయ దగ్గర పెద్దాయన "ఊరికే నాకుతానంతే" అన్నాడు. రోజూ నాకేంత కంచంలో వేసి చూపించమన్నారు. ఊటతో కలిపి 34 గ్రాములు. ఇది వదిలేయదగ్గ వివరం కాదు. ఉప్పులో ఊరబెట్టిన పదార్థాలకీ జీర్ణాశయ క్యాన్సర్‌కీ లంకె ఉందన్న ఆధారాల్లో చాలాభాగం తూర్పు ఆసియా నుంచి వచ్చినవి. మన ఊరగాయ గురించి మనం మాట్లాడాలంటే ముందు మనం ఎంత నాకుతున్నామో తెలియాలి.

ఇక కాఫీ. "రోజుకి రెండు" అన్నాడు. ట్యాబ్ రెండు గ్లాసులు వేసుకుంది. అవి బైటూలని, అంటే దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) ఒక కాఫీని పక్కింటాయనతో చెరిసగం పంచుకున్నవని ఎవరికి తెలుసు? రెండు బైటూలు కలిస్తే ఒక కాఫీ. బెంగళూరులో ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే ఊరి కాఫీ వాడకం రెట్టింపైపోతుంది.

"ఇంతకీ కాఫీ తాగితే అది వస్తుందా, రాదా?" అని ఆయన అడిగాడు. అడిగేవాళ్లు జవాబు చెప్పకూడదు, సలహా అసలే ఇవ్వకూడదు. అమ్మాయి నవ్వి ఊరుకుంది. చెప్పాలంటే ఒక కథే ఉంది. 1981లో అమెరికాలో ఒక అధ్యయనం కాఫీకీ క్లోమగ్రంథి క్యాన్సర్‌కీ ముడిపెట్టి పేపర్లకెక్కింది. క్యాన్సర్ రోగులను అదే డాక్టర్ల దగ్గరికొచ్చే వేరే రోగులతో పోల్చారు. ఆ వేరేవాళ్లలో కడుపు మంట, అజీర్తి బాపతు చాలామంది, కాఫీ అప్పటికే తగ్గించుకున్నవాళ్లు. వాళ్ల పక్కన నిలబెడితే ఎవరైనా కాఫీ రాయుళ్లలాగే కనబడతారు. తర్వాతి అధ్యయనాల్లో ఆ లంకె నిలబడలేదు. 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కాఫీని నిందితుల జాబితాలోంచి తప్పించి, 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే ఏ పానీయాన్నైనా అన్నవాహికకు "బహుశా" ప్రమాదకరం అన్న వరుసలో పెట్టింది. "పొగలు కక్కుతుంటే తప్ప ముట్టరు" అని ఆవిడ అందించింది. ఫారంలో వేడికి గడి లేదు.

మాటల మీద నమ్మకం లేక ఒంటినే సాక్ష్యం అడిగే పద్ధతీ ఉంది. మాంసకృత్తులతో పాటు ఒంట్లోకి వెళ్లిన నత్రజనిలో సుమారు 80 శాతం మూత్రంలో పోతుంది. ఒక రోజు మూత్రమంతా పడితే, తిన్న మాంసకృత్తులెంతో లెక్క కట్టొచ్చు. పొద్దున్న మొదటిది వదిలేయాలి, ఆ తర్వాతవన్నీ, మర్నాడు పొద్దున్న మొదటిదాంతో సహా, క్యాన్‌లో పట్టాలి. మధ్యలో ఎగ్గొట్టారేమో పట్టుకోవడానికి పాబా అనే మాత్రలు, 80 మిల్లీగ్రాములవి, మూడు పూటలా ఇస్తారు. ఆ మందులో 85 శాతం కన్నా తక్కువ మూత్రంలో తిరిగొస్తే ఎక్కడో ఒలికిందని అర్థం. పెద్దాయన మాత్రలు వేసుకున్నాడు, క్యాన్ తప్పకుండా నింపాడు, పార్కుకెళ్లినా గుడ్డసంచిలో వెంట తీసుకెళ్లాడు. మర్నాడు పొద్దున్న పనిమనిషి వచ్చి, బాత్రూంలో ఏదో పాత డబ్బా అనుకుని, పారబోసి ఫినాయిల్‌తో తళతళా కడిగి బోర్లించింది.

కాబట్టి మళ్లీ మాటలే దిక్కు. ఒక్క రోజు చాలదు. వరుసగా కాకుండా మూడు రోజులు, అందులో ఒక ఆదివారం ఉండేలా అడుగుతారు. శనివారం ఒంటిపూట ఉండే మనిషిని ఆదివారం ఒక్కరోజే అడిగితే బిర్యానీ తప్ప ఇంకేం దొరకదు. 1992లో మొదలై పది యూరప్ దేశాల్లో ఐదు లక్షల పైచిలుకు మందిని చేర్చుకుని తిండికీ క్యాన్సర్‌కీ లంకె వెతికిన ఎపిక్ అధ్యయనంలో కూడా ఇదే తలనొప్పి. ఏ దేశం ప్రశ్నపత్రం ఆ దేశానిది, ఏ భాష గిన్నె ఆ భాషది. అందుకని సుమారు 37 వేలమందిని ఒకే కంప్యూటర్ ప్రోగ్రాంతో, ఒకే వరుసలో, ముందురోజు తిండి అడిగి, దాంతో మిగతా లెక్కలు సరిచేసుకున్నారు.

రెండో దఫా అమ్మాయి ఫొటోల ఆల్బం తెచ్చింది. చిన్నది, మధ్యస్థం, పెద్దది.

"ఆ రోజు తిన్న ముద్దెలు వీటిలో ఏ సైజు అంకుల్?"

కళ్లద్దాలు పెట్టుకుని చూశాడాయన. క్రికెట్ బంతి కన్నా పెద్దగా, నున్నగా, నల్లగా మూడు గోళాలు.

"ఇదేమిటి?"

"ముద్దె. మీరు నాలుగు తిన్నారు కదా."

"నేనా? వీటినా? నాలుగా?" ఆవిడని కేకేశాడు. "ఏమే, ఇటు చూడు, నా మీద ఏం రాశారో!"

మొదటి ఫారంలో ఇది ఎందుకు పట్టుబడలేదంటే, మగవాళ్లకు రోజుకి 800 కన్నా తక్కువ, 4,000 కన్నా ఎక్కువ కిలో కేలరీలు తేలితేనే ఫారాన్ని పక్కన పెట్టడం చాలాచోట్ల వాడుక. నాలుగు ముద్దెలు, నాలుగు బోండాలు కలిసినా పెద్దాయన ఆ హద్దులోనే ఉన్నాడు. బొత్తిగా నమ్మశక్యం కాని అబద్ధం దొరుకుతుంది. మామూలు సైజు పొరపాటు హాయిగా లోపలికెళ్లి కూర్చుంటుంది.

అమ్మాయి ముద్దెల వరుస కొట్టేసింది. అన్నం 150 గ్రాములు, మజ్జిగ ఒక గ్లాసు అని వేసింది. కాల్షియం కుప్పకూలింది. పెద్దాయన పై గుంపు నుంచి తిన్నగా అడుగు గుంపులోకి జారిపోయాడు. ఆయన మొహంలో మాత్రం ఏదో పోగొట్టుకున్న భావం కనిపించింది.

"భోంచేసి వెళ్లు తల్లీ, టైమైంది" అంది ఆవిడ. అమ్మాయి వద్దంది. వద్దంటే ఊరుకునే ఇల్లు కాదు. కంచంలో అన్నం, నెయ్యి, పక్కన పచ్చగా ఒక కుప్ప వడ్డించారు.

"ఇదేంటి ఆంటీ?"

"ముద్దపప్పు."

అమ్మాయి చెయ్యి కంచం దగ్గరే ఆగిపోయింది. ఎడం చేత్తో ట్యాబ్ దగ్గరికి లాక్కుని, మొన్న ఇదే కాలనీలో పూర్తి చేసి పంపేసిన పదకొండు ఇళ్ల ఫారాలు ఒక్కొక్కటీ తెరవడం మొదలుపెట్టింది.