మారిషస్ తెలుగువాళ్ల మీద జాలి ఇక చాలు

మారిషస్ నుంచి తెలుగు సంతతి వాళ్లెవరైనా మన సభలకు వస్తే ఒక తంతు తప్పదు. శాలువా కప్పుతారు, మైకు ఇచ్చి నాలుగు ముక్కలు తెలుగులో మాట్లాడిస్తారు, చప్పట్లు కొడతారు. వాళ్లు స్టేజి దిగాక మాత్రం "పాపం, ఇళ్లల్లో ఏదో వచ్చీరాని ఫ్రెంచి మాట్లాడుకుంటారట" అని నిట్టూరుస్తారు. వింటే ఒళ్లు మండుతుంది.

అది వచ్చీరాని ఫ్రెంచి కాదండీ, క్రియోల్. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో, మడగాస్కర్ నుంచీ తూర్పు ఆఫ్రికా నుంచీ బానిసలుగా తెచ్చిన మనుషుల నోళ్లలో పుట్టిన భాష. 'మో తి మాంజే' అంటే తిన్నాను, 'మో పే మాంజే' అంటే తింటున్నాను. ఫ్రెంచి క్రియారూపాల చిక్కుముడి ఇందులో లేదు, వ్యాకరణం దాని సొంతం. 1835లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో కూలికి కోరంగి వైపు నుంచి ఓడెక్కి వెళ్లిన మనవాళ్లకూ కాలక్రమేణా అదే ఇంటి భాష అయింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

అక్కడి రూపాయి నోటు చూడండి. ఇంగ్లిషు, తమిళం, హిందీ ఉంటాయి. 1998లో తమిళం కన్నా ముందు హిందీ అచ్చేశారని పెద్ద గొడవై, ఆ నోట్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఇంట్లో మాట్లాడే క్రియోల్‌కు ఆ కాగితం మీద చోటే లేదు. పార్లమెంటు అధికార భాష ఇంగ్లిషు, కావాలంటే ఫ్రెంచిలో మాట్లాడొచ్చని రాజ్యాంగమే రాసిపెట్టింది. దొరలు పోయినా దొరల భాషలకు కుర్చీ అలాగే ఉంది.

ప్రైమరీ బడిలోకి క్రియోల్ 2012లో వచ్చింది. అదీ తెలుగు, తమిళం, హిందీ, ఉర్దూలతో పాటు ఐచ్ఛికంగా, వాటికి పోటీగా. తెలుగు తీసుకుంటే క్రియోల్ పోతుంది. దాంతో క్రియోల్ అంటే ఆఫ్రికా మూలాల పిల్లలదే అన్నట్టు తయారైంది. ఆటస్థలంలో అందరూ అరుచుకునేది అందులోనే, లెక్కల పుస్తకం మాత్రం ఇంగ్లిషులో!

ఆ భాష గౌరవం కోసం 1960ల నుంచీ కొట్లాడిన దేవ్ వీరాసామి తెలుగు మూలాలున్న మనిషే. షేక్‌స్పియర్‌ని క్రియోల్‌లోకి తెచ్చాడు. 2023లో పోయాడు. మన సభల్లో ఆయన పేరు ఎంతమంది ఎత్తారు?

అక్కడ తెలుగు నేర్పించొద్దని నేను అనట్లేదు. ఉగాదికి సెలవిచ్చే దేశం అది, ఆ ఇష్టం వాళ్లకుంది. కాకపోతే ఇక్కణ్ణుంచి వాచకాలు మోసుకెళ్లే పెద్దలు ఈసారి వెళ్లినప్పుడు ఇంకో మాట కూడా అడగండి: ఆ పిల్లలు రెండూ చదువుకునేలా టైమ్‌టేబుల్ ఎందుకు మార్చకూడదని.