ఇంజను కంటే ముందు చాసీ

చెన్నైలోని మన తెలుగు కుటుంబాల్లో పాత కార్ల మీద మక్కువ ఉన్నవారు తక్కువేమీ కాదు. తండ్రిగారు నడిపిన స్టాండర్డ్ హెరాల్డ్‌ను షెడ్డులోంచి బయటికి తీసి, అందులో పెద్ద ఇంజను కూర్చోబెట్టాలని ముచ్చటపడే యువకులు కొందరు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. ఆ ముచ్చటను నేను కాదనను. అయితే వారు పెట్టే మొదటి రూపాయి ఇంజను మీద కాక చాసీ మీద, అంటే బండి బరువంతా మోసే అడుగు ఉక్కు చట్రం మీద, పడాలన్నది నా గట్టి అభిప్రాయం.

హెరాల్డ్ ఈ ఊరి బండి, వండలూరులో తయారైంది. దాని బాడీ వేరు, చాసీ వేరు. తొలినాటి 948 సీసీ ఇంజను శక్తి 40 హెచ్‌పీ లోపే. ఇంగ్లండులో ఆ కారుకు మూలమైన ట్రయంఫ్ కంపెనీ 1962లో అదే తరహా చాసీ మీద ఆరు సిలిండర్ల 1596 సీసీ ఇంజను పెట్టి విటెస్ అనే కారును తెచ్చింది. దాని శక్తి 70 హెచ్‌పీ. ఆ మాత్రానికే కంపెనీ చాసీని బలపరిచింది, వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెను, అంటే డిఫరెన్షియల్‌ను, గట్టిపరిచింది, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు అమర్చింది. తయారుచేసినవారే అంత జాగ్రత్తపడిన చోట, 150 హెచ్‌పీ ఇంజనును చాసీలోని పాత కమ్మీల మీద అలాగే దించడం నాకు భయం కలిగిస్తుంది.

ఆ భయానికి లెక్క ఉంది. 200 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం, ఇచ్చే ఇంజను, 3.5 నిష్పత్తి ఉన్న మొదటి గేరులో, శక్తిని వెనక్కి చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టుకు 700 న్యూటన్ మీటర్లు అందిస్తుంది. హెరాల్డ్‌లో డిఫరెన్షియల్ కూడా చాసీకే బిగించి ఉంటుంది కాబట్టి, ముందు ఇంజనును పట్టి ఉంచే మౌంటులకూ వెనుకనున్న ఆ బిగింపుకూ మధ్య చాసీ తడిబట్టను పిండినట్టు మెలి తిరుగుతుంది. తలుపుల సందులు మారడం, మూయబోతే పట్టేయడం ఆ మెలికకు తొలి గుర్తులు.

మెలికను ఆపేది మందం కాదు, మూసిన ఆకారం. ఊదుబత్తీల అట్టగొట్టాన్ని చేతుల్లో మెలిపెట్టి చూడండి, తరువాత దాన్ని నిలువునా ఒక గీత చీల్చి మళ్లీ మెలిపెట్టండి. 100 మిల్లీమీటర్ల ఎత్తు, 50 వెడల్పు, 3 మందం ఉన్న ‘సి’ ఆకారపు కమ్మీకి నాలుగో వైపు రేకు వేసి మూసేస్తే, ఆ కమ్మీ మెలికను ఓర్చుకునే గట్టిదనం లెక్క ప్రకారం వందల రెట్లు పెరుగుతుంది. అడ్డుకమ్మీల అతుకులు బలహీనంగా ఉంటే మొత్తం చాసీలో ఆ లాభం చాలావరకు తగ్గిపోతుంది కనుక వాటినీ సరిచేయాలి. పాత జీపుల వంటి బండ్లకు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. హెరాల్డ్ ప్రధాన కమ్మీలు ముందే పెట్టెల్లా మూసి ఉంటాయి. అక్కడ శత్రువు లోపలి తుప్పు, ముఖ్యంగా బాడీని మోసే పక్కచేతుల్లో. మన సముద్రపు గాలిలో అది మరీ త్వరగా పాకుతుంది. తుప్పు మీద వెల్డింగు చేయడం కన్నా చేయకుండా ఉండడం మేలు.

బలం కోసం మందపాటి ప్లేటును చివరలు తిన్నగా కోసి అతికించే అలవాటును నేను ఒప్పుకోను. ప్లేటు ఆగిన చోట భారమంతా ఒక్కసారిగా పాత రేకు మీద పడి, బీట అక్కడే మొదలవుతుంది. ప్లేటు చివరలు క్రమంగా సన్నబడాలి. కమ్మీ పై, కింది రెక్కలకు అడ్డంగా వెల్డింగు గీత పడకూడదు. చాసీని సమతలమైన బల్ల మీద బిగించి, ఒక్కోచోట అంగుళం చొప్పున, వైపులు మార్చుకుంటూ, చల్లారనిస్తూ వెల్డింగు చేయాలి. మూల నుంచి మూలకు కొలతలు పనికి ముందూ తరువాతా తీసి పోల్చాలి. ఇది ఒక్క ఆదివారంలో తెమిలే పని కాదు.

అంబాసిడర్, పద్మిని కార్లకు విడి చాసీ లేదు. వాటిలో తలుపుల కింది పెట్టెలూ నేల రేకులే చాసీ పని చేస్తాయి కాబట్టి దారి వేరు.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను కట్టడి చేస్తుంది. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ గుర్తింపు కావాలంటే చాసీ, బాడీ, ఇంజను మార్పులు లేకుండా ఉండాలి. అందుచేత తండ్రిగారి హెరాల్డ్ చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని అలాగే ఉంచమంటాను. పెద్ద ఇంజను కోరిక తీరనివారు, బాడీ ఇప్పటికే శిథిలమైన మరో బండిని తీసుకుని, పైన చెప్పినట్టు చాసీ సిద్ధం చేసుకుని, దాన్ని లారీ మీద ఇరుంగాట్టుకోట్టై కారు రేసుల ట్రాక్‌కు తీసుకెళ్లి నడుపుకోవాలి.