కోట్ కొడితే కదలదేం?

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి ల్యాప్‌టాప్ ఒక్కటే. మా అమ్మాయి జర్మన్ నేర్చుకుంటోందని అందులో యూఎస్ ఇంటర్నేషనల్ అనే కీబోర్డు లేఅవుట్ (ఏ కీ కొడితే ఏ అక్షరం పడాలో చెప్పే అమరిక) పెట్టాం. అప్పటి నుంచి నాకు టెన్షనే.

కోట్, అంటే కొటేషన్ గుర్తు, కొడితే తెర మీద ఏమీ పడదు. పడలేదేమోనని మళ్లీ కొడితే రెండు పడతాయి. తర్వాత ఏ అక్షరం వస్తుందో చూసిగానీ కదలదట! డబుల్ కోట్ కొట్టి ఇంగ్లిష్ ‘ఏ’ కొట్టామా, కోట్ మాయం, ‘ఏ’ నెత్తిన రెండు చుక్కలు ప్రత్యక్షం. అపార్ట్‌మెంట్ నోటీసు టైప్ చేయాలన్నా ఇలా ‘ఏ’ లాంటి అక్షరాల ముందు కోట్ పడాలంటే దాని తర్వాత స్పేస్ కొట్టాలి.

పోనీ, అమ్మాయికైనా సుఖమా? జర్మన్‌లో వచ్చే చుక్కల ‘యు’ కావాలంటే కుడి ఆల్ట్ పట్టుకుని ‘వై’ కొట్టాలి. చుక్కల ‘ఓ’కి ‘పీ’, చుక్కల ‘ఏ’కి ‘క్యూ’. మనిషి కావాలంటే పక్కింటి తలుపు తట్టాలన్నమాట!

అసలు జర్మన్ లేఅవుటే పెట్టుకోమంటారు కొందరు. అందులో ‘వై’, ‘జెడ్’ చోట్లు మారిపోతాయి, మన కీల మీద అచ్చు మాత్రం మారదు. చుక్కల ‘యు’కి ఆల్ట్ నొక్కి 0252 కొట్టమని ఇంకో సలహా. దానికి నంబర్ ప్యాడ్ ఉండాలి కదండీ, మా బుల్లి ల్యాప్‌టాప్‌కి అదెక్కడిది?

వీటికి తోడు తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ అనే లేఅవుట్ కూడా ఉంది. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి వేలు తగిలితే చాలు, భాషే మారిపోతుంది. ఇక పాస్‌వర్డ్‌లో కోట్ పెట్టుకున్నవాళ్ల సంగతి దేవుడెరుగు.