గర్భసంచి తీసేస్తే జారడం ఆగిపోతుందా?

గర్భసంచి జారిందంటే తీయించేసుకోవడమే మందు అన్న నమ్మకం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో బాగా పాతుకుపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. వీటిలో ఎక్కువ అధిక రక్తస్రావం పేరు మీద జరిగినవే. అయినా ఈ అలవాటు జారుడు కేసుల్లోనూ డాక్టరుకీ పేషెంటుకీ అడ్డదారి చూపిస్తోందని నా అభిప్రాయం.

జారడంలో గర్భసంచి తప్పేమీ లేదు. కాన్పుల్లో సాగిపోయిన కటి కండరాలు (పొత్తికడుపు అడుగున అవయవాలను మోసేవి), తెగిన బంధాలు, ముట్లు ఆగాక తగ్గే ఈస్ట్రోజన్, మానని దగ్గు, మలబద్ధకం, మోసిన బరువులు, ఇవీ అసలు కారణాలు. ముందు గోడ సాగితే మూత్రాశయం దిగుతుంది, వెనక గోడ సాగితే పురీషనాళం. వీటిని సరిచేయకుండా సంచి ఒక్కటే తీయడం, దూలం పుచ్చిన ఇంట్లో అటక మీది సామాను దించేసి ఊరుకోవడమే. యోని పైభాగాన్ని లోపలి గట్టి లిగమెంటుకి కుట్టకపోతే కొన్నేళ్లకి అదే కిందికి దిగొచ్చు. అమెరికాలో 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో జారుడుకీ, మూత్రం కారడానికీ చేసిన ఆపరేషన్లలో 29 శాతం మళ్లీ చేయించుకున్నవారివే.

సంచి ఉంచే దారులు కొత్తవేం కావు. పొడుగైన గర్భసంచి ముఖాన్ని కోసి, సంచిని పైకి కుట్టే మాంచెస్టర్ ఆపరేషన్ 19వ శతాబ్దం నాటిది. పిల్లలు కావాలనుకునే వయసువాళ్ల కోసం బొంబాయి డాక్టర్లు షిరోద్కర్, పురందరే పైకి లాగి కట్టే పద్ధతులు గత శతాబ్దంలోనే రూపొందించారు. ఆపరేషన్‌కి తట్టుకోలేని ముసలివాళ్లకి రింగ్ పెసరీ ఉంది, అంటే యోనిలో పెట్టి సంచిని కిందికి దిగకుండా ఆపే చక్రం. విజయనగరం ఘోషాసుపత్రి లాంటి చోట ఓపీలోనే అమర్చదగ్గ వస్తువు అది.

జారుడుతో పాటు కనిపించే మూత్రం కారడం సంగతి ఇంకా చిక్కు. దగ్గితే, తుమ్మితే, బరువెత్తితే కారడం ఒక రకం. వెళ్లాలనిపించగానే ఆపుకోలేకపోవడం మరొకటి. రెండోదానికి ముందు మందులు, మూత్రాశయానికి శిక్షణ, కత్తి కాదు. మొదటిదానికి కటి కండరాల వ్యాయామం సరిపోకపోతే, 1996లో స్వీడన్ డాక్టరు ఉల్మ్‌స్టెన్ తెచ్చిన, మూత్రమార్గం కింద ఆసరాగా పెట్టే సన్నటి టేపు ఒక మార్గం. జారుడుకి యోని నుంచి పెట్టే మెష్ (వలలాంటి అల్లిక) అమ్మకాలను 2019 ఏప్రిల్‌లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆపించింది. ఈ టేపు ఆ ఉత్తర్వులో లేదు. బ్రిటన్ మాత్రం 2018లోనే రెండింటినీ నిలిపేసింది. పైగా బాగా జారిన మూత్రాశయం మెలికపడి కారడాన్ని దాచేస్తుంది. సరిచేశాక అది బయటపడుతుంది. అప్పుడు ఆపరేషన్ పాడు చేశారని గొడవ. జారిన భాగాన్ని పైకి నెట్టి ఒకసారి దగ్గించి చూస్తే చాలావరకు ముందే తెలుస్తుంది. దీనికి మెషీన్లేం అక్కర్లేదు, పరీక్షించే ఓపిక కావాలి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది మరింత పట్టించుకోవాలి. సంచి పూర్తిగా బయటికొచ్చి ఏళ్లు గడిస్తే మూత్రనాళాలు నొక్కుకుపోయి కిడ్నీలు ఉబ్బుతాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇదే కారణమని అనడం లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. అక్కడ క్రియాటినిన్ (కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) పెరిగిన ఆడమనిషిని 'కింద ఏమైనా దిగినట్టుందా అమ్మా' అని కూడా అడగాలి. సిగ్గుతో తనంతట తాను చెప్పదు. కారుతుందన్న భయంతో జీడిపిక్కల పనికి వెళ్లేముందు నీళ్లు తాగడమే మానేస్తే ఆ ఎండల్లో అదొక నష్టం.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆపరేషన్ ఖర్చు చాలామందికి ఇప్పుడు బెంగ కాదు. ఆ తర్వాతి రెండు మూడు నెలలే బెంగ. బరువెత్తకూడదు, వంగకూడదు అని రాసిచ్చి పంపిస్తారు. ఇంటికెళ్తే ఉభాలు (వరినాట్లు), బిందెలు, గడ్డిమోపులు. 2019 డిసెంబరులో ఆపరేషన్ తర్వాత విశ్రాంతికి రోజుకి 225 రూపాయల చొప్పున ఆరోగ్య ఆసరా పెట్టారు. జారుడు ఆపరేషన్ అయిన కూలిమనిషికి అలాంటి భృతి మూడు నెలలూ అందాలి. ఏడాది తర్వాత పిలిపించి, కుట్టు నిలిచిందో లేదో చూడాలి, ఆ లెక్క ఆసుపత్రి పేరుతో సహా బయటపెట్టాలి.