సవరణ: స్టూడియోలో మట్టి దుమ్మును ఊడ్వరాదు

ఉమ్మడి పాటరీ స్టూడియో శుభ్రతపై ఇదివరకు ఇచ్చిన సూచనల్లో, పని ముగిశాక నేలను చీపురుతో ఊడ్వాలనీ, ముక్కుకు గుడ్డ మాస్కు కట్టుకుంటే చాలుననీ ఉంది. ఆ రెండింటినీ ఈ సవరణతో ఉపసంహరిస్తున్నాము. ఎండిన మట్టిలోనూ గ్లేజు (పాత్రలపై వేసే గాజులాంటి పూత) పొడుల్లోనూ ఉండే స్ఫటిక సిలికా అనే ఖనిజపు రేణువుల్లో ఊపిరితిత్తుల లోతుకు చేరేవి కంటికి ఆనని సన్నవి కనుక, పొడి చీపురు వాటిని తొలగించకపోగా గంటల తరబడి గాలిలో తేలేలా లేపుతుంది, గుడ్డ మాస్కు వాటిని తగినంతగా ఆపలేదు. ఏళ్ల తరబడి పీలిస్తే వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బును నయం చేసే మందు లేదు. పైగా ఈ దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది.

కాబట్టి నేలనూ బల్లలనూ తడిగుడ్డతోనే తుడిచి, ఆ గుడ్డను ఆరకముందే కడగాలి. అతి సన్నని రేణువులను పట్టి ఉంచే హెపా ఫిల్టరు లేని వాక్యూమ్ క్లీనర్ సన్నని దుమ్మును తిరిగి గదిలోకే వదులుతుంది; దానికంటే తడిగుడ్డే నయం. గ్లేజు పొడులు కలిపేటప్పుడు ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్కు ధరించాలి. గడ్డం ఉన్నవారికి అది సరిగా అతుక్కోదు. ఏప్రాన్లను దులపకుండా తరచూ ఉతకాలి. చక్రంపై తడి మట్టితో పనిచేసేటప్పుడు మాస్కు అక్కరలేదన్న సూచనలో మార్పు లేదు.