మిషన్ యాత్రల్లో పిల్లల హోమ్‌లకు చోటుండకూడదు

వేసవి దగ్గరపడుతుండగానే తిరుపతి, చిత్తూరు క్రైస్తవ సంఘాల యువతలో విదేశీ మిషన్ యాత్రల, అంటే సువార్త, సేవల కోసం చేసే ప్రయాణాల మాట మొదలవుతుంది. మనకు వీసా అవసరం లేని నేపాల్ ముందుగా తలపుకు వస్తుంది, విరాళాలు బాగా పోగైతే కంబోడియా, కెన్యా. ఎక్కడికి వెళ్లినా కార్యక్రమం దాదాపు ఒకటే: అనాథాశ్రమంలో కొద్ది రోజులు పాటలు, బైబిల్ కథలు, ఆటలు, చివరికి కన్నీటి వీడ్కోలు. వెళ్లేవారి భక్తిని నేను శంకించను. కానీ పిల్లల హోమ్‌లను ఈ యాత్రల నుంచి పూర్తిగా తొలగించాలి, అదీ ఈ వేసవికే.

విరాళాల లాభం కోసం పిల్లలను ఇళ్ల నుంచి అనాథాశ్రమాలకు తరలించడం ఆధునిక బానిసత్వమేనని 2018లో ఆస్ట్రేలియా గుర్తించిన సంగతి, ఆశ్రమాల్లో స్వచ్ఛంద సేవ వల్ల కలిగే హానిని నివారించాలని 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం దేశాలను కోరిన సంగతి పాఠకులకు తెలిసినవే.

నేపాల్ పటాన్ని ఒకసారి ముందు పెట్టుకుని చూడండి. ఆ దేశంలోని పిల్లల హోమ్‌లలో అత్యధికం కాఠ్మండు లోయలోను, పోఖరా, చిత్వాన్ వంటి పర్యాటక ప్రాంతాల్లోను ఉన్నాయి. పేదరికం తీవ్రంగా ఉన్న పశ్చిమ కొండ జిల్లాల నుంచి, మంచి చదువు చెప్పిస్తామన్న మాట నమ్మి తల్లిదండ్రులు అప్పగించిన పిల్లలు అక్కడికి చేరుతున్నారు. అంటే అనాథలు ఉన్నచోట హోమ్‌లు వెలియలేదు, సందర్శకులు వచ్చేచోట హోమ్‌లు వెలిసి, వాటిని నింపడానికి పిల్లలు వచ్చారు. కంబోడియాలోనూ ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లి గానీ తండ్రి గానీ బతికే ఉన్నట్లు తేలింది. మనం మోసుకెళ్లే కానుకలు, విరాళాలే ఆ గిరాకీని నిలబెడుతున్నాయి.

ఆశ్రమంలో అడుగుపెట్టగానే పరుగెత్తుకొచ్చి ఒడిలో కూర్చునే పిల్లను చూసి మనవాళ్ల మనసు కరిగిపోతుంది. ముక్కూమొహం తెలియని మనిషిని అలా అల్లుకుపోవడం, స్థిరంగా ఒక్కరి ప్రేమా దక్కని పిల్లల్లో మానసిక నిపుణులు గుర్తించిన లక్షణం. రొమేనియాలో 2000లో మొదలైన బుఖారెస్ట్ అధ్యయనంలో, ఆశ్రమాల్లో ఉండిపోయిన పిల్లల కంటే పెంపుడు కుటుంబాలకు చేరినవారు మెరుగ్గా ఎదిగారు. వారం వారం కొత్త బృందం వచ్చి, దగ్గరై, వెళ్లిపోతుంటే ఆ పసి మనసు ఎన్నిసార్లు తెగిపోవాలి?

సందర్శకులు ఆగితే విరాళాలు ఆగి పిల్లలు పస్తులుంటారని, యాత్రల వల్లే యువతలో సేవాభావం పుడుతుందని కొందరు పాస్టర్లు అంటారు. మొదటి భయం నిజమే కనుక, పిల్లలను ఇళ్లకు చేర్చే పనికి ఆ డబ్బును క్రమంగా మళ్లించాలి. రెండోదానికి జవాబు మదనపల్లె దగ్గరి మన ఆరోగ్యవరంలోనే ఉంది. 1912లో మదనపల్లె క్షయ చికిత్సాలయాన్ని ప్రారంభించిన డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దశాబ్దాలపాటు ఇక్కడే పనిచేశారు, ఆ తర్వాత భారతీయ వైద్యుడు పి.వి. బెంజమిన్ ఆ బాధ్యత స్వీకరించారు. వైద్యం చేతనైనవాడు వచ్చి, నిలిచి, స్థానికుల చేతికి పని వెళ్లేదాకా సాగిన సేవ అది.

ఈ చర్చలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది మన తల్లులను మనం మరచిపోవడం. నిజమైన భక్తిని వివరించిన బైబిల్‌లోని యాకోబు పత్రిక, దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను ఒకే వాక్యంలో పక్కపక్కన నిలిపింది. మనం ఆ వాక్యాన్ని రెండుగా చీల్చి, బిడ్డను హోమ్‌కు పంపి, తల్లికి ప్రార్థన మిగిల్చాం. పలమనేరు, పుంగనూరు పల్లెల్లో భర్త పోయిన స్త్రీ బిడ్డను హాస్టల్లో వదిలేది ప్రేమ లేక కాదు, కూలి డబ్బు చాలక. బాలల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద, వార్షికాదాయం గ్రామాల్లో 72 వేలు, పట్టణాల్లో 96 వేల రూపాయలు మించని కుటుంబాల్లో వితంతువుల పిల్లలకు ఇంటివద్దే నెలకు 4,000 రూపాయల సాయానికి అవకాశం ఉంది. కాఠ్మండుకు టికెట్లు కొనే ముందు మన యువత తమ సంఘంలోని వితంతువుల ఇళ్లకు వెళ్లి, కావలసిన పత్రాలు సమకూర్చి, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఆ దరఖాస్తులు ఇప్పించాలి.