అమ్మేది బంగ్లా, ధర వీధిది

అమెరికాలో నడిచి తిరగడానికి వీలైన పేటలో పాత బంగ్లా అమ్మకానికి వస్తే ప్రకటనలో రెండు మాటలు తప్పకుండా ఉంటాయి: చారిత్రక భవనం, అన్నీ నడక దూరంలోనే. రేటు పెంచేవీ ఆ రెండే. కానీ అందులో ఏదీ అమ్మేవారు ఒక్కరే సంపాదించింది కాదు. మూల మీది కొట్టు, నీడనిచ్చే చెట్లు, పడగొట్టకుండా మిగిలిన పక్కిళ్లు కలిస్తేనే ఆ ధర.

బంగ్లా అన్న మాట బెంగాల్‌ది. వాలు కప్పు, వసారా ఉన్న ఆ ఇంటిని ఇంగ్లిష్‌వాళ్లు సముద్రం దాటించారు. 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలో అది మామూలు ఉద్యోగి కొనుక్కోగల ఇల్లయింది. ఒక్క షికాగోలోనే 1910-1940 మధ్య దాదాపు 80 వేలు కట్టారు. జనం ట్రామ్ దిగి ఇంటికి నడిచిన రోజులవి. అందుకే స్థలాలు చిన్నవి, కొట్లు దగ్గర. కారు లేనివాళ్ల అవసరం ఇప్పుడు కారున్నవాళ్ల ముచ్చటైంది!

కొనేవారిలో కొందరికి ఇంటితో పనిలేదు, స్థలం చాలు. పడగొట్టి, హద్దు నుంచి హద్దుకు గోడలు లేపి, వీధి వైపు గ్యారేజీ తలుపు పెడతారు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే ఇది. చారిత్రక జాబితాలో పేరుంటే భయం లేదనుకోవడం పొరపాటు. అమెరికా జాతీయ జాబితాలో ఉన్న ఇంటిని కూడా యజమాని సొంత డబ్బుతో కూల్చేసుకోవచ్చు. అడ్డుకోగలిగేది స్థానిక నిబంధనే. కాలిఫోర్నియాలోని పాసడీనాలో ‘బంగ్లా హెవెన్’ పేటకు 1989లో నగరం ఇచ్చిన రక్షణ అలాంటిదే.

అలాగని పాత ఇల్లంటే అంతా అందమేమీ కాదు. కాలం చెల్లిన వైరింగ్, సీసం కలిసిన రంగులు, చెదలు పట్టిన దూలాలు కొన్నవారి జేబు ఖాళీ చేస్తాయి. ‘మీరు కాపాడండి, మేం చూసి ఆనందిస్తాం’ అనే ఊరి పెద్దల ధోరణి మాకు నచ్చదు. మరమ్మతు చేసేవారికి ఇంటి పన్నులో తగ్గింపు ఇవ్వాలి. పెరట్లో ఇంకో చిన్న ఇల్లు కట్టుకోనివ్వాలి. నడక దూరం మరో కుటుంబానికీ అందుతుంది. వీధి వైపు ముఖం మాత్రం కదపకూడదు.

ఇదంతా తేలాల్సింది అమ్మకం బోర్డు పెట్టకముందే. బేరం కుదిరాక, అడ్వాన్సు చేతులు మారాక ‘ఇది చారిత్రకం, ముట్టుకోవద్దు’ అంటే కొన్నవారికి అన్యాయం, కోర్టులకు పని. షరతులేమిటో అమ్మకపు కాగితాల మొదటి పేజీలోనే రాసి ఉండాలి.